తడికలు దించిన వాన

పోరిరువా, వెల్లింగ్టన్ దగ్గర
3 ఆగస్టు 1969

చెల్లీ సియెనీ,

నీకూ, నీ మొగుడు తూపూకీ, నాన్నకీ, మోతుసాంగాలో నన్ను ఇంకా తలుచుకునే వాళ్ళందరికీ దేవుడు చల్లని చూపు చూడాలి. మరిచిపోయిన వాళ్ళకి సగం చూపు చాలు.

ఈ ఉత్తరం నీకు తెచ్చి ఇచ్చేది నా కూతురే. నువ్వు ఇది విప్పేసరికి ఎసెటా నీ ఎదురుగా నిలబడి ఉంటుంది. ఆరేళ్ళ పిల్లని అంత దూరం ఎందుకు పంపావే అని నువ్వు తిట్టుకోకముందే చెప్తున్నాను, విను.

జూన్ నుంచి పిల్లకి దగ్గు తగ్గడం లేదు. ఇక్కడ జూన్ నుంచే చలికాలం, అదెలా ఉంటుందో నీకెలా చెప్పను? కిటికీ అద్దాలకి లోపలివైపు చెమట పడుతుంది. గోడ మూలల్లో నల్లగా బూజు. రెండు గదుల్లో పదకొండు మందిమి, తలుపులన్నీ బిగించుకుని ఒక్క హీటరు చుట్టూ ముడుచుకుని కూర్చుంటాం. ఒకరికి దగ్గొచ్చిందంటే వారం తిరిగేసరికి అందరం దగ్గుతూ ఉంటాం. నేను ఆసుపత్రిలో వార్డు తుడిచే పనిలో ఉన్నానా, అక్కడా అదే పాట. డాక్టరుకి చూపిస్తే, "ఈ చలి పిల్లకి పడదమ్మా, వెచ్చటి చోటు ఏదైనా ఉంటే కొన్నాళ్ళు పంపు" అన్నాడు. మన దీవిని మించిన వెచ్చటి చోటు ఏముంది? చలే లేని చోట దగ్గుకి ఏం పని? మా ఆయన పెనీ మొదట ఒప్పుకోలేదు. మూడు రోజులకి తనే వెళ్ళి పిల్లకి ఎర్ర గౌను కొనుక్కొచ్చాడు.

అపియా దాకా పెనీ పెద్దమ్మ విమానంలో తీసుకొస్తుంది. అక్కడి నుంచి ఓడలో పాస్టరుగారి వాళ్ళతో వస్తుంది.

ఇక అసలు సంగతి. వాన వచ్చిందంటే గోడలు లేని మన ఇంటి చుట్టూ తడికలు పూర్తిగా దించు. చుక్క నీళ్ళు, చిటికెడు గాలి పిల్లకి తగలకూడదు. నాన్న ఒప్పుకోడని నాకు తెలుసు. మన చిన్నప్పుడు ఎంత వాన కొట్టినా తడికలు దించనిచ్చేవాడా? ఊళ్ళో అందరి ఇళ్ళూ మూసుకుని వెచ్చగా పడుకుంటే మనం తడిసిన కోళ్ళలా కూర్చునేవాళ్ళం. "పెద్ద జబ్బు ఏడు మీ నాన్న బుర్రలోకి వాన నీళ్ళు పోయాయే" అనేది అమ్మ, గుర్తుందా? ఆ ఏడు ఏం చూశాడో ఆయనా చెప్పలేదు, మనమూ అడగలేదు. ఆయన తిక్క ఆయనది. కానీ నా పిల్ల మీద సాగనివ్వకు. పెద్దదాన్ని చెప్తున్నాను.

ఎసెటాకి పులుసు చేపలో ముల్లు తీసి పెట్టాలి. ఎవరిదో ఒకరి చెవి పట్టుకోకపోతే నిద్రపోదు. నీ చెవి ఇయ్యి.

నీ అక్క
లెపెకా

* * *

మోతుసాంగా
19 సెప్టెంబరు 1969, శుక్రవారం

ఎప్పుడూ ఆజ్ఞలే గానీ మంచి మాట ఒకటి రాయని మా అక్క లెపెకాకి,

నీ కూతురు దిగింది! పగడపు దిబ్బ దగ్గర అల పోటుగా ఉంటే తూపూ పిల్లని భుజాల మీద కూచోబెట్టుకుని పడవ నడిపించాడు. తూపూ మెడ మీదే వాంతి చేసుకుంది. "అచ్చం వాళ్ళమ్మే, మర్యాదలు బాగా తెలుసు" అన్నాడు. ఊరంతా రేవులో వరస కట్టింది. పాపం పిల్ల, మూడు వందల మంది ఒక్కొక్కరే చెంపకి చెంప ఆనించి వాసన పీల్చుకుని "లెపెకా కూతురా, లెపెకా కూతురా" అంటుంటే బిక్కమొహం వేసింది. మెలెసాలా అయితే రెండుసార్లు వరసలోకి వచ్చింది. ఆడవాళ్ళ సంఘానికి పెద్దది కదా, ఎవరు అడ్డుకుంటారు?

నాన్న అందరికన్నా వెనక నిలబడ్డాడు. పిల్లని కాసేపు చూసి, "దీని మెడ చూడవే, కొంగ మెడ. మీ అమ్మది" అన్నాడు. అంతే, అప్పటి నుంచి ఇద్దరూ ఒక జట్టు. ఇద్దరికీ ఒకటే చాప, ఒకటే కొబ్బరి చిప్ప. నా చెవి వద్దంది. తాత చెవి పెద్దదిట.

ఓడ పక్క దీవులకి వెళ్ళి మంగళవారం మళ్ళీ ఇటే వస్తుంది. ఈ ఉత్తరం అప్పుడు ఇస్తాను.

22, సోమవారం. పిల్లకి కాస్త దగ్గుంది, ఒళ్ళు వెచ్చగా ఉంది. ప్రయాణం బడలిక అనుకుంటున్నాను. పడవ మనుషుల్లో ఇద్దరు దగ్గుతున్నారు. ఓడలో కూడా దగ్గేవాళ్ళు ఉన్నారట. తూర్పుగాలి మాత్రం దివ్యంగా వీస్తోంది. ఇంట్లో ఈ చివర నుంచి ఆ చివరికి చాపలు లేచిపోతున్నాయి. నాన్న పిల్లని గాలికి ఎదురుగా పడుకోబెట్టాడు. "గాలి ఆడుతున్నంతసేపు ఆ దగ్గు దీనొక్కదానిదే" అన్నాడు. ఆయన మాటలు ఎప్పుడు అర్థమయ్యాయి గనక.

23, మంగళవారం. పొద్దున గాలి ఆగిపోయింది. పడమర నుంచి మబ్బు దిగి వాన మొదలైంది. పడమటి గాలివానకి ఇంకా రెండు నెలల గడువుంది, ఈ ఏడు ముందే వచ్చింది. నువ్వు చెప్పావు గనక తడికలన్నీ దించాను. నాన్న చాప చుట్టి చంకలో పెట్టుకుని పడవల పాకలోకి పోయాడు. నాలుగు స్తంభాలు, పైన ఇంత ఆకు, అంతే కదా ఆ పాక. అక్కడే పడుకుంటాట్ట! పిల్లని కూడా తనతో పంపమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నీకు మతి పోతే పోయింది, దాన్ని కూడా వానలో నానబెడతావా?" అన్నాను. ఊరంతా చూసి నవ్వుతోంది. ఇయోసువా ముసలాయన్ని సొంత కూతురే వానలోకి తరిమేసిందని మెలెసాలా అప్పుడే నాలుగిళ్ళలో చెప్పొచ్చింది. నువ్వైనా చెప్పవే ఆయనకి. నా మాట ఏనాడు విన్నాడు? నీ మాటంటే అందరికీ భయం.

తూపూ అరుస్తున్నాడు, పడవ కదులుతోంది.

సియెని

* * *

రేడియో తంతి, అపియా మీదుగా
4 అక్టోబరు 1969

నాన్నని వెంటనే లోపలికి తేవాలి. తడికలు మూసి ఉంచాలి. ఇద్దరినీ వెచ్చగా చూడాలి. సిగ్గుచేటు. లెపెకా.

* * *

పోరిరువా
26 అక్టోబరు 1969, ఆదివారం

సియెనీ,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు చూసి నవ్వకు.

నా తంతికి జవాబు రాలేదు. మళ్ళీ పంపబోతే తంతి ఆఫీసులో తీసుకోలేదు. మోతుసాంగా రేడియో పలకడం లేదు, స్తంభం పడిపోయి ఉంటుంది అన్నారు. రోజూ వెళ్తున్నాను. కౌంటరు దగ్గరి పిల్ల నన్ను చూడగానే తల అడ్డంగా ఊపుతుంది.

నాన్న అరవై ఏళ్ళ వయసులో వానలో పడుకున్నాడని చదివి నాకు కోపం వచ్చింది. నీ మీదే వచ్చింది. నువ్వు పట్టించుకోవడం లేదనుకున్నాను. అందుకే తంతిలో ఆ "సిగ్గుచేటు" అన్న మాట వేశాను. ఇప్పుడు నేను చెప్పేది విను. ఇది చదివిన క్షణం లేచి వెళ్ళి తడికలు ఎత్తెయ్యి. వాన పడుతున్నా సరే. తర్వాత వచ్చి మిగతాది చదువుకో.

మా వార్డులో పెద్ద నర్సు ఉంది. రాయిలాంటి మనిషి. ఎంత చలైనా, ఎంత వానైనా పొద్దునా సాయంత్రం కిటికీలన్నీ బార్లా తెరిపిస్తుంది. ముసలివాళ్ళు దుప్పట్ల కింద గజగజ వణికిపోతూ ఆమెని తిట్టుకుంటారు. నాకు జాలేసేది. మన ముసలివాళ్ళని చూసినట్టే ఉండేది. చలికాలం పోయిందనుకుంటుంటే ఈ నెల మొదట్లో దక్షిణం నుంచి చలిగాలి, వాన మళ్ళీ వచ్చిపడ్డాయి. ఆమె పక్క వార్డుకి వెళ్ళగానే నేను ఒక్కొక్క కిటికీ మూసేసేదాన్ని. ఆ ముసలాళ్ళు నా చెయ్యి పట్టుకుని "నువ్వు దేవతవమ్మా" అనేవాళ్ళు. నాకు గర్వంగా ఉండేది సియెనీ, అబద్ధమెందుకు.

మొదటి మంచం మీద ఒకాయనకి ఫ్లూ జ్వరం. నేను కిటికీలు మూసిన వారానికి పదకొండు మంచాలకి పాకింది. ఇద్దరు పోయారు. వాళ్ళలో ఒకడు నన్ను దేవత అన్నవాడు.

పెద్ద నర్సుకి తెలిసిపోయింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కూర్చోబెట్టి టీ ఇచ్చింది. "చలేస్తే ఇంకో దుప్పటి కప్పుతాను లెపెకా. ఒకడు వదిలిన ఊపిరిని పదిమంది పీలిస్తే దానికి ఏం కప్పను?" అంది. చలికాలంలో, వానాకాలంలో ఈ జబ్బులు పెరిగేది తడిసినందుకు కాదట. తలుపులు మూసుకుని ఒకే గాలిలో గుంపుగా కూర్చున్నందుకట. ఆ గాలి ఎండిపోయినా కదలకపోయినా జబ్బు అందులో ఇంకా ఎక్కువసేపు బతికి ఉంటుందట. సగం నాకు అర్థం కాలేదు. అర్థమైన సగం చాలు.

అక్కడ కూర్చుని నేను చూసింది వార్డుని కాదు. వానలో మూసుకున్న మన ఇల్లు కనిపించింది. అందులో దగ్గుతున్న నా పిల్ల, నా మాట విని లోపలికి వచ్చిన నాన్న.

ఆయన్ని పాకలోనే ఉండనివ్వు. పిల్లని కూడా ఆయన దగ్గరికి పంపు. నేను తప్పు చెప్పానని చెప్పు. ఆ మాట నా నోటి నుంచి వచ్చిందంటే నాన్న నవ్వుకుంటాడు, నవ్వుకోనీ.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఇంకో నెల పడుతుంది. తంతి మాత్రం ఒక్క పూటలో వచ్చేసింది కదూ.

లెపెకా

* * *

మోతుసాంగా
24 నవంబరు 1969

అక్కా,

కూర్చుని చదువు. పెనీ పక్కనుంటే ఇంకా మంచిది.

నాన్న లేడు. అక్టోబరు పన్నెండో తేదీ ఆదివారం పోయాడు. ఊళ్ళో మొత్తం తొమ్మిది మంది పోయారు. ఎసెటా బాగుంది. ఈ మాట ముందు రాయాల్సింది, నాకు రాయడం తెలియడం లేదు. ఎసెటా బతికే ఉంది, జ్వరం తగ్గింది, అన్నం తింటోంది.

ఇవాళ ఓడ వచ్చింది, కొత్త రేడియో స్తంభం తెచ్చింది. రేపటికి తంతి పనిచేస్తుందట. అయినా ఈ కబురు తంతిలో పంపను. చిన్న మాటలంటే నాకు భయం పట్టుకుంది.

ఏం జరిగిందో వరసగా చెప్తాను. వాన పద్దెనిమిది రోజులు పడింది. మొదటి మూడు రోజులూ దగ్గింది పడవ మనుషులు, ఓడ దిగినవాళ్ళు, మన పిల్ల మాత్రమే. ఊళ్ళో తడికలన్నీ దిగాక, ఇక ఏ ఇంట్లో విన్నా దగ్గే. మెలెసాలా సంఘం వాళ్ళని వేసుకుని ఇంటింటికీ తిరిగి ఎవరెవరి తడికలు సరిగ్గా దిగలేదో చూసింది. రోగి ఉన్న ఇంట్లో చుట్టాలంతా చేరి చుట్టూ కూర్చోకపోతే మనకి మర్యాద కాదు కదా. ఒక్కో ఇంట్లో ఇరవై మంది, ముప్పై మంది. ఆ చీకటి, ఆ ఉక్క, ఆ దగ్గులు. పాట పాడదామని మొదలుపెట్టి మధ్యలో దగ్గొచ్చి ఆపేసేవాళ్ళు.

నాన్న ఒక్కడే పాకలో నిక్షేపంలా ఉన్నాడు. నేను రోజూ తిండి తీసుకెళ్ళేదాన్ని. తడిసిపోయి, వణుకుతూ, అయినా చక్కగా తినేవాడు. తొమ్మిదో రోజో పదో రోజో, అడగకుండానే చెప్పాడు. పెద్ద జబ్బు ఏడు ఆయనకి ఎనిమిదేళ్ళు. మామయ్య గాలం విరగ్గొట్టి, కొడతాడని భయపడి, ఆ పాకలోనే బోర్లించిన దోనె కింద నాలుగు రోజులు దాక్కున్నాడట. ఇలాగే వాన. ఇల్లు ఎదురుగా కనపడేది. తడికలు దించి ఉన్నాయి. మొదట్లో లోపల అందరూ దగ్గేవాళ్ళట. తర్వాత కొందరే దగ్గారట. నాలుగో రోజు వాన వెలిసింది. తడికలు ఎత్తుతారని చూస్తూ కూర్చున్నాడట. ఎవరూ ఎత్తలేదు. ఆయనే వెళ్ళి ఎత్తాడు. పధ్నాలుగు మంది.

"వాన పడితే ఇప్పటికీ వినపడుతుందే నాకు. మీరు తడిక దించితే చాలు, వెనకనుంచి మా అమ్మ దగ్గుతుంది" అన్నాడు.

నేను నమ్మాను అక్కా. ఆ రోజు ఇంటికొచ్చి ఒక తడిక ఎత్తాను కూడా. మెలెసాలా వచ్చి మళ్ళీ దించింది. పిల్ల చస్తే మీ అక్కకి ఏం చెప్తావు అంది. నేను మళ్ళీ ఎత్తలేదు.

అప్పుడు నీ తంతి వచ్చింది. తంతి అంటే నీకూ నాకూ మధ్య ఉండే కాగితం కాదు కదా ఇక్కడ. రేడియో అతను పెద్దల సభలో నిలబడి పైకి చదివాడు. "సిగ్గుచేటు" అన్న మాట రెండుసార్లు చదివించారు. ఆసుపత్రుల దేశంలో ఉన్న కూతురు చెప్తోంది, మనం ముసలాణ్ణి వానలో వదిలేశాం, ఊరికి ఎంత తలవంపు అన్నారు. నలుగురు మగవాళ్ళు పాకకి వెళ్ళారు. తూపూ వాళ్ళలో ఒకడు. నాన్న స్తంభం పట్టుకున్నాడు. పన్నెండు రోజుల నుంచి ఒక్కసారి కూడా దగ్గని మనిషి, బలంగానే ఉన్నాడు, చేతులు విడిపించడం వాళ్ళ వల్ల కాలేదు. కాళ్ళు నేను పట్టుకున్నాను.

నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదు. నువ్వు మాట పంపావు. నేను కాళ్ళు పట్టుకున్నాను. ఇద్దరం కలిసే చేశాం. కానీ నేను నవ్వులాటకి రాసిన ముక్క పట్టుకుని నువ్వు అంత మాట అంటావనుకోలేదు. ఆయన్ని వదిలేశానని ఎలా అనుకున్నావే?

లోపలికి తెచ్చాక నాన్న గొడవ చెయ్యలేదు. పిల్ల పక్కన పడుకుని చెవి ఇచ్చాడు. రెండో రోజు జ్వరం. నాలుగో రోజుకి ఊపిరి అందడం లేదు. చివరి మాటలు నాతో కాదు, తడికతో అన్నాడు. "వస్తున్నాలే అమ్మా, ఎందుకంత దగ్గుతావు" అన్నాడు. వాన అప్పటికి ముందు రోజే వెలిసింది.

నీ రెండో ఉత్తరం ఇవాళ చేతికొచ్చింది. లేచి వెళ్ళి తడికలు ఎత్తమన్నావు. మన ఇంటికి ఇప్పుడు తడికలు లేవు. కాల్చేశాను. అయినా వాన పడితే నాకూ వినపడుతోంది. ఎవరికీ చెప్పలేదు, తూపూకి కూడా.

ఇంతకన్నా పెద్ద సంగతి ఒకటుంది. ఎసెటా గురించి. ఊళ్ళో ఎవరో దానితో "జబ్బు నీతోనే దిగింది" అన్నారు. ఎవరన్నారో తెలిస్తే నాలుక కోస్తాను. అప్పటి నుంచి పిల్ల నోటి మీద చెయ్యి తియ్యదు. తినేటప్పుడు దూరంగా వెళ్ళి అటు తిరిగి తింటుంది. ఎవరి పక్కనా పడుకోదు. పొలమారి దగ్గొస్తే చాలు, పరిగెత్తుకెళ్ళి సముద్రంలో మెడ దాకా దిగి అక్కడ దగ్గుతుంది. నేను ఎత్తుకోబోతే "పిన్నీ, నువ్వు కూడా చచ్చిపోతావు" అంటుంది. నేను ఎంత చెప్పినా నమ్మడం లేదు. "అమ్మ మంచిదాన్నే పంపింది, నేనే చెడ్డదాన్ని అయ్యాను" అంటుంది.

నువ్వు రావాలి. నా మాట దానికి చాలడం లేదు.

సియెని

* * *

రేడియో తంతి, అపియా మీదుగా
8 డిసెంబరు 1969

మొదటి ఓడకి వస్తున్నాను. ఎసెటాకి చెప్పు. లెపెకా.

* * *

రేడియో తంతి, మోతుసాంగా
10 డిసెంబరు 1969

రా. కానీ దగ్గుంటే దిగకు. ఎవరైనా సరే, నువ్వైనా సరే. ఈసారి దిబ్బ మీద నేనే నిలబడతాను. సియెని.

* * *

ఓడ మీద, మోతుసాంగా ఎదురుగా
27 జనవరి 1970, మంగళవారం

సియెనీ,

తూపూ ఈ ఉత్తరం తెచ్చి ఒడ్డున రాయి కింద పెడతాడు. వెంటనే ముట్టుకోకు. కాసేపు గాలికి ఉండనిచ్చి తీసుకో.

నాకు దగ్గుంది.

వెల్లింగ్టన్‌లో బయల్దేరినప్పుడు లేదు. అక్కడ ఎండాకాలం, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, ఊరంతటిలో ఒక్కడు దగ్గలేదు. హమ్మయ్య, ఈసారి ఏమీ మోసుకురావడం లేదనుకున్నాను. అపియాలో ఓడ కోసం ఆరు రోజులు ఆగాల్సొచ్చింది. ఆరు రోజులూ వానే. సత్రంలో నలభై మందిమి ఒకే హాల్లో, అన్ని వైపులా మూసేసి. నేను లేచి తలుపులు తెరుస్తుంటే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. తెరిచినవన్నీ మళ్ళీ మూశారు. నాన్నకి ఎలా ఉండేదో అప్పుడు తెలిసింది. ఓడెక్కిన రెండో రోజు గొంతు పట్టేసింది.

దాచొచ్చు. ఈ పొద్దున అరగంట సేపు దగ్గకుండా ఉండి చూశాను, ఉండగలిగాను కూడా. తూపూ పడవ దగ్గరికొచ్చి "దిగు వదినా, దిగు" అన్నాడు. నిచ్చెన మీద ఒక కాలు పెట్టాను. రేవులో అందరూ వరస కట్టి ఉన్నారు, చెంపలు ఆనించడానికి. ఆకాశం నల్లగా ఉంది. ఈ సాయంత్రానికి మీరంతా ఇళ్ళల్లో చేరతారు. కాలు వెనక్కి తీసుకున్నాను.

నాతో పాటు ఇక్కడ దిగాల్సిన ఇంకో ఇద్దరికి కూడా దగ్గుందని తూపూతో చెప్పాను. వాళ్ళు నన్ను నానా మాటలూ అన్నారు. కెప్టెను నవ్వాడు. "రెండు నెలలు ఎదురుచూసి, ఇంత దూరం వచ్చి, జలుబుకి భయపడి దిగవా?" అన్నాడు. తుఫాను కబురుందట, ఈసారి ఓడ మళ్ళీ ఇటు రాదు. నాలుగింటికి కదిలి తిన్నగా అపియా పోతుంది. మళ్ళీ ఓడ అంటే ఏప్రిలే. నాన్న సమాధి ఎటువైపుందో ఇక్కడి నుంచి తెలియడం లేదు. నువ్వు నన్ను క్షమించావో లేదో కూడా తెలియదు. అడగను. నీ గొంతు విందామని ఆశపడ్డాను, అంతే.

కింద ఉన్నది ఎసెటాకి. దాన్ని పిలిచి గట్టిగా చదువు. ఊరంతా విన్నా ఫరవాలేదు, వింటే ఇంకా మంచిది.

నా బంగారు తల్లీ, అమ్మ ఓడ మీదే ఉంది. అమ్మకి దగ్గొచ్చింది. నేను రమ్మని పిలవలేదు, చెడ్డపని ఏమీ చెయ్యలేదు, వానలో అందరితో కలిసి ఒక హాల్లో పడుకున్నాను, దానంతట అదే వచ్చింది. నీకూ అలాగే వచ్చింది. మన ఇంట్లో, నా పక్కన పడుకుంటే వచ్చింది. అది నీలో పుట్టలేదు. నువ్వు చిన్నదానివి, ఓడెక్కించింది నేను. తాతని లోపలికి తెమ్మన్నదీ నేనే. తాత నీ వల్ల పోలేదు. తాత నీ పక్కన కావాలని పడుకున్నాడు, నీకు చెవి ఇచ్చాడు. ఈ తప్పులో నీకు భాగం లేదు, పెద్దవాళ్ళం మేం పంచుకున్నాం. దగ్గొచ్చిన మనిషి చెడ్డ మనిషి కాదమ్మా. తగ్గేదాకా కొంచెం దూరంగా, గాలి ఆడే చోట ఉంటే చాలు. ఇదిగో నేను ఉంటున్నాను కదా. నీకు ఇప్పుడు దగ్గు లేదు. నువ్వు పిన్నిని పట్టుకుని పడుకోవచ్చు.

నేను ఓడ ముందు భాగంలో, పసుపు చీటిగుడ్డ గౌనులో ఉన్నాను. రేవు చివర ఎర్రగా కనిపిస్తున్నది నువ్వేనా? ఎంత పొడుగయ్యావే!

అమ్మ

* * *

మోతుసాంగా రేవు
అదే రోజు, ఆఖరి పడవలో

అక్కా,

రెండు ముక్కలే రాయగలను, తూపూ తొందరపెడుతున్నాడు.

రాయి కింద నుంచి తీసి నిలబడే చదివాను, అందరూ విన్నారు. మెలెసాలా ఏడుస్తూ వెళ్ళిపోయింది. నువ్వు నిచ్చెన మీద కాలు పెట్టినప్పుడు నేను దిబ్బ చివరన ఉన్నాను. నువ్వు దిగితే ఎలా ఆపాలా అనుకున్నాను. వెనక్కి తిరిగావు. ఏప్రిల్‌లో రా. చెంపకి చెంప ఆనించే వరసలో మొదట నేనుంటాను.

ఎసెటా మొత్తం విని, "అమ్మక్కూడా వచ్చిందా?" అని ఒక్కటే అడిగింది. వచ్చిందన్నాను. "మరి అమ్మ చెడ్డది కాదుగా?" అంది. నువ్వు చెప్పిందే చెప్పాను. ఇప్పుడు వచ్చి నా కాళ్ళని ఆనుకుని నిలబడింది, మూడు నెలల్లో మొదటిసారి. నోటి మీద చెయ్యి ఇంకా తియ్యలేదు. రెండో చెయ్యి నీకు ఊపుతోంది, చూస్తున్నావా?

సియెని